ఆరు కల్దార్లు... ఏడు హాలీలు!

పాలమూరు, నల్గొండ పల్లెల్లో పాత ట్రంకుపెట్టె అడుగునో, ముసలమ్మ మెడలోని పేరులోనో ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తుంటుంది ఓ వెండి రూపాయి. కరిగిస్తే వచ్చేది తొమ్మిది గ్రాముల వెండి. కాస్త ఓపిగ్గా చదివితే మాత్రం... ఓ రాజ్యం ఖజానా కథ!

వెండి రూపాయికి ఓ వైపు చార్మినార్. దాని మధ్య ద్వారంలోకి కాస్త కళ్లు చికిలించి చూడండి. అక్కడో చిన్న ఉర్దూ అక్షరం ఉంటుంది. అది 'మీమ్' అయితే ఆ నాణెం ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో కొట్టింది. 'ఐన్' అయితే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ది. పేరులోని మొదటి అక్షరాన్ని అలా గుమ్మంలో నిలబెట్టారన్నమాట! ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కిన కొత్తలో అచ్చయిన నాణేల మీద ఆ 'ఐన్' సగమే కనిపిస్తుంది. తర్వాతి వాటి మీద పూర్తిగా ఉంటుంది. సేకర్తలు భూతద్దం పట్టుకుని ముందు వెతికేది ఆ అక్షరం కోసమే.

ఈ రూపాయికి తెలంగాణ పల్లెల్లో రెండు పేర్లు... హాలీ, సిక్కా. 'హాలీ' అంటే ప్రస్తుతం చెలామణిలో ఉన్నదని అర్థం. దీనికి పోటీ 'కల్దార్'. కల్ అంటే యంత్రం. యంత్రం మీద అచ్చేసిన బ్రిటిష్ ఇండియా రూపాయి అది. నిజాం రాజ్యంలో హాలీ, కృష్ణ దాటితే కల్దార్. అటు నల్గొండ నుంచి గుంటూరు వైపు వెళ్లాలన్నా, ఇటు పాలమూరు నుంచి కర్నూలు సంతకు వెళ్లాలన్నా ముందు రూపాయలు మార్చుకోవాల్సిందే. లెక్క కూడా అందరికీ నోటికొచ్చినదే. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు!

ఏడుకు ఆరే ఎందుకు?

ఇదేదో ఇద్దరు దొరలు కూర్చుని తోచినట్టు రాసుకున్న అంకె అనుకుంటారు చాలామంది. కాగితం, పెన్సిలు తీసుకుంటే అసలు సంగతి బయటపడుతుంది. హాలీ రూపాయి బరువు 11.18 గ్రాములు. అందులో వెండి వెయ్యింట 818 పాళ్లు. అంటే ఒక్కో రూపాయిలో దాదాపు 9.14 గ్రాముల వెండి. కల్దార్ బరువు 11.66 గ్రాములు... అక్షరాలా ఒక తులం. అందులో వెండి పన్నెండింట పదకొండు పాళ్లు. అంటే సుమారు 10.69 గ్రాములు. ఇప్పుడు ఏడు హాలీల్లోని వెండిని కూడండి. 64 గ్రాములు. ఆరు కల్దార్లలోని వెండిని కూడండి. 64 గ్రాముల మీద పిసరు!

సర్కారు మాటకు, సింహాసనం హోదాకు ఇందులో చోటే లేదు. వెండికి వెండి, అంతే. అప్పట్లో రూపాయి అంటే నమ్మకం కన్నా ముందు ఓ లోహపు ముక్క. దాని మీద ఎవరి పేరున్నా సరే, సరాఫు త్రాసులో పడ్డాకే దాని విలువ తేలేది.

ఈ లెక్క ఎప్పుడూ ఇంత నిలకడగా ఉందనీ చెప్పలేం. 1893లో బ్రిటిష్ ప్రభుత్వం తన టంకశాలల్లో జనం తెచ్చిన వెండిని రూపాయలుగా మార్చివ్వడం ఆపేసింది. దాంతో కల్దార్ విలువకూ అందులోని వెండికీ ఉన్న ముడి తెగింది. రెంటి మధ్య మారకం ఊగిసలాడింది. 1903-04లో చార్మినార్ బొమ్మతో యంత్రం మీద కొత్త రూపాయలు రావడం మొదలయ్యాక, హైదరాబాద్ సైఫాబాద్ టంకశాల దన్నుతో మళ్లీ ఓ స్థిమితం వచ్చింది. 

గద్వాలలో ఒకటి, నారాయణపేటలో ఒకటి

చార్మినార్ రూపాయి రాకముందు కథ ఇంకా రసవత్తరం. పంతొమ్మిదో శతాబ్దం సగం గడిచేదాకా నిజాం రాజ్యంలో టంకశాల అంటే ఒక్కటి కాదు. హైదరాబాద్, ఔరంగాబాద్ సరే... మన గద్వాలలోనూ రూపాయలు కొట్టారు. నారాయణపేటలోనూ కొట్టారు. నేత చీరలకు పేరుపడ్డ నారాయణపేటలో అచ్చయిన రూపాయి మీద ఊరి పేరు 'దిల్షాదాబాద్' అని ఉంటుంది. వనపర్తి రాజులకు పాత రాజధాని సూగూరు పేరు మీద సూగూరు సిక్కా ఉండేది.

యంత్రాల్లేవు కదా, ఎలా కొట్టేవారు? వెండిని కరిగించి, తూకం ప్రకారం చిన్న చిన్న బిళ్లలు చేసి, కింద ఓ అచ్చు, పైన ఓ అచ్చు పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ! అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది. అందుకే ఏ నాణెం మీదా రాత మొత్తం పడదు. ఒకదాని మీద సంవత్సరం ఉంటే ఊరి పేరు ఉండదు. ఊరి పేరు సగం ఉంటే రాజు పేరు పోతుంది. నాలుగైదు నాణేలు పక్కపక్కన పెట్టుకుని, ముక్కలు అతికినట్టు చదివితేగానీ అది ఎక్కడిదో తేలదు. 

ఇంకో విచిత్రం... గద్వాలలో కొట్టినా, హైదరాబాద్‌లో కొట్టినా 1857 దాకా ఈ రూపాయల మీద పేరు మాత్రం ఢిల్లీ మొగలు పాదుషాదే. ఢిల్లీలో ఆయన మాట కోట గుమ్మం దాటని రోజుల్లో కూడా, తుంగభద్ర ఒడ్డున ఆయన పేరుతో రూపాయి చెల్లేది. 1857 తిరుగుబాటు తర్వాతే ఆ పేరు తీసేసి, ఆసఫ్ జాహీ వంశ మూలపురుషుడు నిజాముల్ ముల్క్ పేరు వేశారు. దాంతోపాటు 92 అనే అంకె వచ్చి చేరింది. అక్షరాలకు అంకెలు కట్టే అరబ్బీ లెక్కలో అది ముహమ్మద్ ప్రవక్త పేరుకు గుర్తు.

ఇన్ని రూపాయలు, ఇన్ని తూకాలు. మరి రైతు శిస్తు కట్టేది ఏ రూపాయితో? ఇక్కడే సరాఫు రంగంలోకి దిగుతాడు. రూపాయిని రాతి మీద మోగించి చూస్తాడు, గీటురాయి మీద గీస్తాడు, అనుమానమొస్తే అంచున ఓ గాటు పెడతాడు. చివరికి 'ఇది ఫలానా చోటి రూపాయి, ఇంత బట్టా' అని తేల్చేస్తాడు. బట్టా అంటే తరుగు. ఆ తరుగు ఎవరి నెత్తిన పడేదో వేరే చెప్పాలా? పాత రూపాయల మీద ఇప్పటికీ కనిపించే చిన్న చిన్న పోట్లు, గుర్తులు ఆ పరీక్షల తాలూకు మచ్చలే.

ఈ గాట్ల అలవాటు ఈనాటిది కూడా కాదు. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో 1531 రోమన్ వెండి నాణేలు ఒక్కచోటే బయటపడ్డాయి. అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల కాలంవి. ఇలా దక్షిణాదిలో దొరికిన రోమన్ నాణేల్లో చాలావాటి మీద గాట్లు, పొడిచిన గుర్తులు ఉంటాయి. రెండు వేల ఏళ్ల కిందట కూడా ఈ నేల మీద పరదేశి చక్రవర్తి బొమ్మను చూసి ఎవరూ మురిసిపోలేదు. వెండి మంచిదా కాదా అనే చూశారు!

చైనాలో అయితే నాణెమే లేదు

ఈ తూకాల గొడవను అసలు రాజ్యాంగంగా మార్చుకున్న దేశం ఒకటుంది... చైనా. అక్కడ శతాబ్దాల పాటు వెండికి రూపాయి లాంటి నాణెమే లేదు. చిల్లరకు మధ్యలో చతురస్రపు చిల్లున్న రాగి కాసులు. పెద్ద మొత్తాలకు వెండి దిమ్మెలు. పడవలా, గుర్రపు డెక్కలా అంచులు పైకి లేచిన ఆ దిమ్మెను 'యువాన్‌బావ్' అంటారు. పెద్దది యాభై టేళ్లు, అంటే రెండు కిలోలకు కాస్త తక్కువ. ఈ 'టేల్' అనే మాట మలయ్ భాషలోని 'తహిల్' నుంచి వచ్చింది. దాని వేరు మన తులంలోనే ఉందని కొందరు భాషావేత్తల మాట!

పదహారో శతాబ్దంలో మింగ్ పాలకులు అప్పటిదాకా ధాన్యంగా, వెట్టిగా వసూలు చేసే రకరకాల పన్నులన్నిటినీ ఒక్కటిగా చేసి వెండిలో కట్టమన్నారు. రైతు ధాన్యం అమ్మి రాగి కాసులు తెచ్చుకోవాలి. కాసులిచ్చి వెండి తునకలు కొనాలి. ఆ తునకలు తీసుకెళ్లి కచేరీలో కట్టాలి. అక్కడ కంసాలి వాటన్నిటినీ కరిగించి దిమ్మెలుగా పోసి, వాటి మీద ఊరి పేరు, ఏడాది, తన పేరు గుద్దుతాడు. పైకి పంపాక ఖజానాలో వెండి తక్కువని తేలితే పట్టుకోవడానికే ఆ పేరు. ఇవాళ ఆ దిమ్మెలను సేకరించేవాళ్లకు పండగ తెచ్చిపెట్టేదీ ఆ పేర్లే. ఏ తాలూకా శిస్తు, ఏ ఏడాదిది, ఎవరు కరిగించారు... అన్నీ దిమ్మె మీదే ఉంటాయి మరి.

కరిగించేటప్పుడు కొంత వెండి పోతుంది కదా? ఆ 'కొలిమి తరుగు' కూడా రైతే కట్టాలి. నిజంగా పోయేది పిసరంత, వసూలు చేసేది బారెడు. మిగిలింది స్థానిక అధికారుల జేబుల్లోకి. 1720ల్లో యోంగ్‌జెంగ్ చక్రవర్తి ఈ దందాను ఆపలేక, దాన్నే అధికారిక పన్నుగా చేసి ఆ డబ్బుతో అధికారులకు అదనపు జీతం ఇప్పించాడు. ఆ జీతానికి పెట్టిన పేరు... 'నిజాయతీని పోషించే భత్యం'!

నల్లమందు వ్యాపారం ఆ దిమ్మెలను మన దేశానికి తెచ్చింది. భారత్‌లో పండిన నల్లమందును చైనాలో అమ్మి, బదులుగా వెండి తెచ్చుకున్నారు వర్తకులు. కలకత్తా, బొంబాయి టంకశాలల్లో చైనా ఊళ్ల పేర్లున్న దిమ్మెలు కరిగి రూపాయలయ్యాయి. అక్కడ చైనాలో వెండికి కరవొచ్చింది. వెయ్యి కాసులకు రావాల్సిన టేల్ 1840ల నాటికి రెండు వేల దాకా పోయింది. సర్కారు పన్ను ఒక్క కాసు కూడా పెంచలేదు. రైతు కట్టేది మాత్రం రెట్టింపయ్యింది!

సాలార్ జంగ్ పద్దు

అటు చైనా రైతు పరిస్థితి అలా ఉంటే, ఇటు మన రైతుదీ సుఖమేమీ కాదు. 1853లో మొదటి సాలార్ జంగ్ దివాన్ అయ్యేనాటికి నిజాం ఖజానా ఖాళీ. అప్పుల వాళ్లు, జీతాలు రాని సిపాయిలు, శిస్తు వసూళ్లను వేలంలో పాడుకున్న గుత్తేదారులు. పంటలో వాటా పద్ధతి చాలాచోట్ల ఉండేది. కంపెనీ సైన్యం ఖర్చుల బాకీ కింద బేరార్‌ను, రాయచూర్ దోఆబ్‌ను అదే ఏడాది బ్రిటిష్‌వాళ్ల చేతుల్లో పెట్టాల్సి వచ్చింది.

సాలార్ జంగ్ గుత్తలు ఎత్తేశాడు. 1865లో జిల్లాలు ఏర్పాటుచేసి జీతగాళ్లైన తాలూక్‌దార్లను పెట్టాడు. పంట వాటా బదులు నగదు శిస్తు వైపు నడిపించాడు. నగదు అంటే ఏదో ఒక్క రూపాయే ఉండాలి కదా? నలుగురు నాలుగు చోట్ల కొడితే ఖజానాలో సగం కాలం బట్టా లెక్కలకే సరి. అలా హైదరాబాద్ హాలీ సిక్కా రాజ్యమంతా పరుచుకుంది. ఊళ్లలోని టంకశాలలకు కాలం చెల్లింది. పాలమూరులో కొట్టిన రూపాయలు కూడా కొలిమిలోకి వెళ్లి హాలీలుగా తిరిగొచ్చాయి. గద్వాల, నారాయణపేట నాణేలు ఇవాళ అంతగా కనపడకపోవడానికి మొదటి కారణం ఇదే. వాటిని మొదట కరిగించింది దొంగలు కాదు, సర్కారే!

సంస్థానాల కథ మాత్రం సాగింది. గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత రాజులు తమ ప్రాంతం శిస్తు తామే వసూలు చేసుకుని, ఏటా నిజాంకు పేష్కష్ చెల్లించేవారు. 1908 నాటి గెజిటీర్ ప్రకారం గద్వాల కట్టాల్సింది ఏడాదికి 86,840 రూపాయలు. వనపర్తిది 76,883. అంకెలుగా చదివితే ఏమీ అనిపించదు. గద్వాల పేష్కష్ అంతా హాలీ రూపాయల్లో పోసి తూచారనుకోండి... 970 కిలోలు! దాదాపు పది క్వింటాళ్ల వెండి నాణేలు, ఒక్క సంస్థానం నుంచి, ఒక్క ఏడాదికి. కృష్ణా తుంగభద్రల నడుమ జొన్న చేలల్లోంచి అంత బరువు లేవాలి.

వెండి పోయి కాగితం వచ్చింది

మొదటి ప్రపంచ యుద్ధంలో వెండి దొరక్క 1918లో హైదరాబాద్ రాజ్యం సొంత నోట్లు అచ్చేసింది. రెండో యుద్ధంలో రూపాయే పలచబడింది. 1940లో కల్దార్‌లో వెండి సగానికి తగ్గితే, ఆ తర్వాత హాలీ కూడా అదే దారి పట్టింది. అందుకే 1940ల రూపాయి, 1910ల రూపాయి చూడ్డానికి ఒకేలా ఉన్నా సరాఫు ఇచ్చే ధర ఒకటి కాదు.

1948లో హైదరాబాద్ భారత యూనియన్‌లో కలిసింది. 1950 నుంచి భారత రూపాయి కూడా చెలామణిలోకి వచ్చింది, అదే ఏడుకు ఆరు లెక్కన. 1959లో హాలీ పూర్తిగా రద్దయింది. అప్పటికి ఊళ్లలో జనం చేతుల్లో మిగిలినవి ఏమయ్యాయి? కొన్ని బ్యాంకుకు, కొన్ని మారువాడీ కొట్టుకు. చాలావరకు ఒంటి మీదికి! దేవరకొండ, అచ్చంపేట తండాల్లో లంబాడీ మహిళల హారాల్లో చార్మినార్ రూపాయి, పక్కనే కల్దార్ మీది రాజు బొమ్మ కలిసి వేలాడాయి. ఖజానాలో ఏడుకు ఆరైనవి, హారంలో ఒకటికి ఒకటి.

ఆ హారాలకు ఇప్పుడు గండం వచ్చిపడింది. 2025లో కిలో వెండి లక్ష రూపాయలు దాటి ఇంకా పైకి ఎగబాకింది. కిలో లక్ష లెక్కన చూసినా ఒక్కో హాలీలోని వెండి 900 పైచిలుకు. పెళ్లికో, ఆసుపత్రికో అవసరమొచ్చి నానమ్మ పేరు దుకాణానికి చేరితే, కొట్టువాడికి అక్షరాలతో పనిలేదు. తరుగు తీసి తూకం వేస్తాడు. సాయంత్రానికి మూసలో వేస్తాడు. ఆ కుప్పలో ఒక్క దిల్షాదాబాద్ రూపాయి ఉన్నా అదీ కొత్త పట్టీలుగా మారి ఇంకో ఇంటికి చేరిపోతుంది. అమ్ముకునేవాళ్లను అనడానికి లేదు. ఆ నాణెం ఏమిటో వాళ్లకు చెప్పిన నాథుడెవరు?

ఇంట్లో ఉంటే...

పాత రూపాయి ఉంటే ముందు చేయకూడనిది తోమడం. చింతపండు, బూడిద పెట్టి తళతళలాడిస్తే రాతల అంచులు అరిగిపోతాయి. నలుపు ఉంటే ఉండనివ్వాలి. కొండీ అతికించినవి, చిల్లు పెట్టినవి సేకర్తల దృష్టిలో తక్కువ రకమే గానీ పారేయాల్సినవి కావు. అరుదైన టంకశాలది అయితే చిల్లున్నా విలువే. ఆభరణాల త్రాసులో పెడితే అసలు హాలీ 11.18 గ్రాములకు అటూఇటూగా తూగుతుంది. అరిగినది కాస్త తగ్గొచ్చు. మరీ తేడా ఉన్నా, అంచు చుట్టూ అతుకు గీత కనిపించినా అది పోత పోసిన నకలేమోనని అనుమానించాలి. మార్కెట్లో చైనా దిమ్మెల నకళ్లకైతే లెక్కే లేదు. 

వారసత్వంగా వచ్చిన నాణెం దాచుకోవడం తప్పేమీ కాదు. వందేళ్లు దాటినదాన్ని మాత్రం 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. పొలం దున్నుతుంటేనో, పునాది తవ్వుతుంటేనో దొరికితే మాత్రం కథ వేరు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం, పది రూపాయలకు మించిన విలువ ఉన్నదేది దొరికినా కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలియజేయాలి. దాచిపెడితే ఏడాది దాకా జైలు. హక్కుదారు ఎవరూ లేరని తేలితే, దొరికినవారికి ముప్పావు వంతు, భూమి యజమానికి పావు వంతు అని ఆ చట్టంలోనే ఉంది. ఈ రెండో సంగతి పల్లెల్లో పెద్దగా ఎవరికీ తెలియదు. జైలు మాటే తెలుసు. అందుకే కుండ దొరికిన రాత్రే పంచుకోవడాలు, తెల్లారేసరికి కరిగించేయడాలు!

చట్టంలోనూ ఓ చిక్కుంది. ప్రభుత్వం ఆ నిక్షేపాన్ని తీసుకోదలిస్తే లోహం విలువ, దాని మీద ఐదో వంతు కలిపి చెల్లిస్తే చాలు. నారాయణపేటలో సుత్తి దెబ్బతో పుట్టి, సరాఫు గాట్లు తిని, సాలార్ జంగ్ కొలిమిని తప్పించుకుని, నూటడెబ్బయ్యేళ్లు మట్టిలో దాక్కున్న రూపాయికి 1878లో కట్టిన ధర... వెండి వెల మీద ఇరవై శాతం.

చార్మినార్ రూపాయలు పురుడు పోసుకున్న సైఫాబాద్ టంకశాలను మాత్రం ఇప్పుడు వెళ్లి చూడొచ్చు. 1997లో నాణేల తయారీ చర్లపల్లికి మారాక, 2022లో ఆ పాత భవనంలో మ్యూజియం తెరిచారు.